రక్షణ రాకముందే పాడిన పాటలు: గజేంద్రుడు, యోనా, హబక్కూకు

ఈ వారం వీడియోలో టైం సరిపోక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. వీడియో చూడకపోయినా ఇబ్బంది లేదు. చదువుకుంటూ పోతే అర్థమవుతుంది.

గజేంద్ర మోక్షం పాఠానికి నందివెలుగు ఎందుకండీ, అక్కడ మడుగూ లేదు ఏనుగూ లేదు అని మా ఎడిటరే అడిగాడు. తెనాలి దగ్గర నందివెలుగులో స్వామి పేరు అగస్త్యేశ్వరుడు. నంది కళ్ళలోంచి వచ్చిన వెలుగు స్వామి మీద పడేదని, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పే కథ. నేను వెళ్ళింది మాత్రం అగస్త్యుడి కోసం. మనందరికీ మొసలి గుర్తుంటుంది, చక్రం గుర్తుంటుంది. ఆ ఏనుగు ఏనుగెందుకు అయిందో చాలామందికి గుర్తుండదు. పూర్వజన్మలో అది ఇంద్రద్యుమ్నుడనే రాజు. మౌనంగా హరిధ్యానంలో కూర్చుని ఉండగా అగస్త్యమహర్షి శిష్యులతో వచ్చాడు. రాజు లేవలేదు. మహర్షికి కోపం వచ్చింది, ఏనుగువై పుట్టమన్నాడు. అంటే గజేంద్రుడి కష్టం మొసలి దగ్గర మొదలవలేదు. ఇక్కడ, అగస్త్యుడి దగ్గర మొదలైంది.

ఈ ముక్క పక్కన పెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

పోయిన నెల స్తోత్రాల మీద చేసిన వీడియో కింద ఒక అమ్మాయి ఒక ప్రశ్న రాసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్నగారికి ఆరోగ్యం బాగా లేదు. ఆరు నెలల నుంచి రోజూ పొద్దున్నే గజేంద్ర మోక్షం చదువుతోంది. రిపోర్టుల్లో ఏ మార్పూ లేదు. ఆమె అడిగింది ఇది: కాపాడాక పొగిడితే అర్థం ఉంది, కాపాడకముందే రోజూ పొగడడం ఏమిటి? ఇది భక్తా, కాకా పట్టడమా?

నేను ఆ పూట హడావిడిలో "నమ్మకం ఉంచండి" అని జవాబు పెట్టేశాను. రెండు రోజుల తర్వాత చదువుకుంటే నాకే సిగ్గేసింది. ఆరు నెలలుగా చదువుతున్న మనిషికి నమ్మకం గురించి నేను చెప్పేదేమిటి? అందుకే ఈసారి సరిగ్గా ఆలోచించి రాస్తున్నాను. దీనికోసం మన పుస్తకాలతో పాటు ఇంకో చోటికి కూడా వెళ్దాం. సరిగ్గా ఈ ప్రశ్న మీదే వందల ఏళ్ళు కూర్చున్న కవులు ఇంకొకళ్ళున్నారు, హీబ్రూ ప్రవక్తలు. వాళ్ళది మన మతం కాదు, నిజమే. కానీ వాళ్ళ పాటలకీ మన తెనాలి ప్రాంతానికీ మీరు ఊహించని చుట్టరికం ఒకటుంది. అది కూడా చెప్తాను.

"వచ్చేశా, రెండు నిమిషాలు"

హీబ్రూ కవిత్వం గురించి ముందు రెండు మాటలు. మన పద్యంలో అక్షరానికి ప్రాస ఉంటుంది. వాళ్ళ పద్యంలో అర్థానికి ప్రాస ఉంటుంది. ఒక పాదంలో ఒక మాట అంటారు, తర్వాతి పాదంలో అదే మాటని కొంచెం పెంచో తిప్పో మళ్ళీ అంటారు. మొదటి సగం తలుపు తట్టినట్టు ఉంటుంది, రెండో సగం తలుపు తెరుచుకున్నట్టు. 1753లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ లౌత్ అనే ఆయన ఈ పద్ధతిని విడమరిచి పుస్తకంగా వేశాడు. అప్పట్నుంచి పండితులు దీన్ని కవిత్వంగా చదవడం పెరిగింది. పాడుకునేవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదనుకోండి.

రెండోది క్రియల సంగతి. మనకి అసలు కావాల్సింది ఇదే. పాత హీబ్రూలో క్రియ ముఖ్యంగా చెప్పేది పని పూర్తయిందా, ఇంకా పూర్తికాలేదా అని. నిన్నా, రేపా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ప్రవక్తలు ఏం చేస్తారంటే, ఇంకా జరగని రక్షణని పూర్తయిపోయిన క్రియలో చెప్తారు. కాపాడతాడు అనాల్సిన చోట కాపాడాడు అంటారు. వ్యాకరణ పండితులు దీనికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టారు.

ఇది వింతగా అనిపిస్తోందా? మనం రోజూ చేసే పనే. అమ్మ ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చావురా?" అంటుంది. మనం ఇంకా నారాకోడూరులో ఉంటాం. "వచ్చేశానమ్మా, రెండు నిమిషాలు" అంటాం. బస్సు ఇంకా కాలవగట్టు మీదే ఉంటుంది, కండక్టర్ "తెనాలి వచ్చేసింది, దిగేవాళ్ళు ముందుకి రండి" అంటాడు. అబద్ధమా అది? అబద్ధమని ఎవరూ అనుకోరు. అమ్మ అన్నం వడ్డించడం మొదలుపెడుతుంది. దిగేవాళ్ళు సంచులు సర్దుకుంటారు. ఇంకా రాని ఊరిని వచ్చేసిందనుకుని మనుషులు లేచి నిలబడతారు. ప్రవక్తల క్రియ చేసే పని కూడా అదే.

చేప కడుపులో కృతజ్ఞత

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ యోనా. కథ చాలామందికి తెలుసు. నీనెవె నగరానికి వెళ్ళి హెచ్చరించమంటే ఇష్టంలేక ఓడెక్కి ఎదురుదిక్కు పారిపోయాడు. తుఫాను వచ్చింది. ఆయన్ని సముద్రంలో పడేశారు. పెద్ద చేప మింగింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు దాని కడుపులో ఉన్నాడు. అక్కడ ఒక ప్రార్థన చేశాడు. ఆ పుస్తకంలో రెండో అధ్యాయం అదే.

ఆ ప్రార్థనని ఒకసారి జాగ్రత్తగా చదవండి. అందులో "నన్ను బయటపడెయ్" అన్న మాట ఎక్కడా ఉండదు. ఒక్క కోరిక లేదు. మొత్తం కృతజ్ఞత. నీళ్ళు గొంతుదాకా వచ్చాయి, నాచు తలకి చుట్టుకుంది, కొండల మొదళ్ళ దాకా దిగిపోయాను, పిలిచాను, విన్నావు, పైకి తీశావు... ఈ ధోరణిలో సాగుతుంది. క్రియలన్నీ అయిపోయిన పనులే. మనిషేమో ఇంకా చేప కడుపులోనే ఉన్నాడు. చేప ఆయన్ని ఒడ్డున కక్కేది పాట అయిపోయాకే.

ఇంకో సంగతి ఉంది. ఆ పాటలో మాటలు చాలావరకు యోనా సొంతం కావు. వాటిలాంటి మాటలే కీర్తనల గ్రంథంలో అక్కడక్కడా కనిపిస్తాయి. చిన్నప్పట్నుంచి గుడిలో విన్న పాటల ముక్కలన్నీ ఆ చీకట్లో ఒకదానికొకటి అతుక్కుని నోటికి వచ్చినట్టుంటుంది. ఆయనకి అక్కడ కొత్తగా కవిత్వం రాసుకునే తీరిక లేదు కదా! యూదులు తమ అతిపెద్ద ఉపవాసదినం యోమ్ కిప్పూర్ నాడు మధ్యాహ్నం ఈ పుస్తకం మొత్తం చదువుతారు. ఆకలితో నోరు ఎండిపోయిన వేళకి ఈ కథ పెట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు.

యెషయా పుస్తకం పన్నెండో అధ్యాయం కూడా ఇలాంటిదే, ఆరే వచనాలు. ఒక రోజు వస్తుంది, ఆ రోజు మీరు ఇలా పాడతారు అని మొదలుపెట్టి, ఆ రోజు పాడాల్సిన పాటని ముందే చేతిలో పెడతాడు. పెళ్ళి ఇంకా కుదరకముందే మంగళహారతి నేర్పించే మామ్మలుంటారే, అలాగన్నమాట. రక్షణని బావులతో పోల్చి, సంతోషంగా నీళ్ళు తోడుకుంటారంటాడు. ఆ మాటని యూదులు ఇప్పటికీ వారం వారం శబ్బాతు ముగిసే వేళ, దీపం, ద్రాక్షరసం, సుగంధ ద్రవ్యాలు పెట్టుకుని చెప్పుకుంటారు. అన్నట్టు, యెషయా అన్న పేరుకే అర్థం దేవుడే రక్షణ అని.

ఆ చిన్నపాటలో కూడా ఒక ముక్క పాతదే. అది సముద్రగీతంలోంచి వచ్చింది.

సముద్రం ఒడ్డున, ఆ తర్వాత మూడు రోజులకి

సముద్రగీతం నిర్గమకాండం పదిహేనో అధ్యాయంలో ఉంది. హీబ్రూ కవిత్వంలో చాలా పాతవాటిలో ఇదొకటని పండితుల మాట. ఈజిప్టులో బానిసలుగా ఉన్నవాళ్ళు సముద్రం దాటారు, వెనక తరుముకొచ్చిన రథాలు మునిగిపోయాయి. ఒడ్డున మోషే పాడాడు. ఆయన అక్క మిర్యాము, ఆవిణ్ణి ప్రవక్త్రి అనే పిలుస్తుంది గ్రంథం, తంబుర అందుకుంది, ఆడవాళ్ళందరూ నాట్యం చేస్తూ వెంట వెళ్ళారు. యూదుల ఉదయప్రార్థనలో ఈ పాట రోజూ ఉంటుంది. చేత్తో రాసే తోరా చుట్టలో ఈ ఒక్క పాటనీ ఇటుకలు పేర్చిన గోడలాగా, మధ్యలో ఖాళీలు వదిలి రాస్తారు. దూరం నుంచి చూసినా ఇక్కడ పాట ఉందని తెలిసిపోతుంది.

ఇది మాత్రం కాపాడాక పాడిన పాటే కదా అనుకుంటాం. సగం వరకే నిజం. రెండో సగంలో వాళ్ళు తమ దేశం చేరుకోవడం, దారిలో ఉన్న రాజ్యాలు వణికిపోవడం అంతా జరిగిపోయినట్టు పాడతారు. అప్పటికి వాళ్ళ కాళ్ళకింద ఉన్నది సముద్రపు ఇసుక. ముందున్నది ఎడారి.

ఆ ఎడారిలో మూడు రోజులు నడిచారు, మంచినీళ్ళు దొరకలేదు. దొరికిన నీళ్ళు చేదు. అంత పాట పాడిన జనం మోషే మీద సణగడం మొదలుపెట్టారు. అదే అధ్యాయంలో, పాట అయిన వెంటనే ఈ సంగతి రాసి పెట్టారు. దాచుకోలేదు. నాకు ఈ నిజాయితీ చాలా ఇష్టం. పొద్దున్న స్తోత్రం చదివి, సాయంత్రం ట్రాఫిక్‌లో దేవుణ్ణి తిట్టుకునే మనందరి చరిత్రా ఆ మూడు రోజుల్లో ఉంది.

ఈ పాట మీద యూదుల తల్మూదులో ఒక కథ చెప్తారు. రథాలు మునుగుతుంటే దేవదూతలు పాడబోయారట. దేవుడు ఆపాడట. నా చేతుల్తో చేసిన ప్రాణులు మునిగిపోతుంటే మీకు పాటా అని కోప్పడ్డాడట. ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన మొసలి గుర్తొచ్చింది. మొసలి హూహూ అనే గంధర్వుడు కదా, దేవలుడి శాపంతో అలా అయ్యాడు. చక్రం తల తరిగాక ఏనుగుకే కాదు, ఆ మొసలికీ విముక్తి దొరికింది. గంధర్వుడై నమస్కారం చేసి వెళ్ళాడు. రెండు సంప్రదాయాల్లోనూ బాధపెట్టినవాడు దేవుడి లెక్కలోంచి కొట్టేసిన పేరు కాదు. అంతవరకు పోలిక నిజం.

అలా అని "అన్నీ ఒకటేనండీ" అని నేను అనను. ఆ మాట వినడానికి మర్యాదగా ఉంటుంది, కానీ రెండు వైపులా సరిగ్గా చదవనివాళ్ళు చెప్పే మాట. గజేంద్రుడికి దొరికింది ఏనుగు శరీరం నుంచి, సంసారం నుంచి విడుదల. హీబ్రూ ప్రవక్తలు పాడే రక్షణ ఎక్కువగా ఈ నేల మీదే: సైన్యం వెనక్కి పోవడం, కరువు తీరడం, తరిమేసినవాళ్ళు సొంతూరు చేరడం. గజేంద్రుడు ఒంటరి, అంత మందలోంచి ఒక్కరూ సాయం చెయ్యలేకపోయారు. అక్కడ పాడేది ఒక జాతి. ఈజిప్టుకి హీబ్రూలో పేరు మిత్స్రాయిమ్. ఇరుకు అన్న మాటకి దగ్గరగా వినపడుతుంది. దాని మీద వాళ్ళ గురువులు శ్లేష చేసి, ప్రతివాళ్ళూ తమ తమ ఇరుకులోంచి బయటపడాలని చెప్పుకున్నారు. ఆ శ్లేష దగ్గర మాత్రం ఒంటరి ఏనుగూ, ఆ జాతీ కాసేపు ఒకచోట నిలబడొచ్చు.

హబక్కూకు ఫిర్యాదు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి అతి దగ్గరగా ఉన్న కవి. హబక్కూకుది మూడధ్యాయాల పుస్తకం. మొదటిది స్తుతి కాదు, ఫిర్యాదు. ఎంతకాలమని అరవాలి, ఎందుకు వినవు అని నేరుగా అడుగుతాడు. చట్టం చచ్చుబడిపోయింది, న్యాయం వంకరైపోయింది అంటాడు. దేవుడి జవాబు వస్తుంది. ఏం జవాబనుకుంటున్నారు? బబులోను సైన్యాన్ని పంపిస్తున్నాను అని. జబ్బు గురించి అడిగితే ఇంకా పెద్ద జబ్బు చూపించినట్టు. హబక్కూకు ఊరుకోడు, మళ్ళీ నిలదీస్తాడు. కావలి బురుజు ఎక్కి, ఏం చెప్తావో చూస్తా అని నిలబడతాడు. ఆలస్యమైనా ఎదురుచూడు, వస్తుంది అన్నది రెండో జవాబు.

మూడో అధ్యాయం పాట. పైన రాగం సూచన, చివర్లో తంత్రీవాద్యాలతో పాడాలని సూచన, మధ్యలో మూడుచోట్ల సెలా అన్న సంగీతపు గుర్తు. కీర్తనల గ్రంథం బయట ఆ గుర్తు కనిపించేది ఇక్కడ ఒక్కచోటే. అంటే ఇది గుడిలో పాడుకోవడానికి కట్టిన పాట. నీ పాత పనుల గురించి విన్నాను, మా రోజుల్లో వాటికి మళ్ళీ ప్రాణం పొయ్యి అని మొదలై, పాత సముద్రపు కథని, కొండలు కదిలిన కథని అంతా తలుచుకుంటుంది. చివరికి వచ్చేసరికి పంటలు పోయిన ఒక దేశం బొమ్మ. అంజూరం పూత లేదు, ద్రాక్ష లేదు, ఒలీవ మోసం చేసింది, పొలంలో తిండిగింజ లేదు, దొడ్డిలో గొర్రె లేదు, కొట్టంలో ఎద్దు లేదు. మన తెనాలి రైతు ఎవరైనా ఈ పాట కడితే నిమ్మ కాయలేదు, మినుముకి పల్లాకు తెగులు వచ్చింది, గేదె వట్టిపోయింది అని చెప్పేవాడు. వరసగా అన్నీ లేవు లేవు అని లెక్కపెట్టి, అయినా సంతోషిస్తాను అంటాడు.

ఈ "అయినా" అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. అది మొదటి అధ్యాయంలోనే వచ్చి ఉంటే నేను పుస్తకం మూసేసేవాణ్ణి. రెండధ్యాయాలు పోట్లాడాక వచ్చింది కాబట్టి నమ్ముతాను. ఇంకోటి, ఆయన భయపడ్డది నిజంగానే జరిగింది. క్రీ.పూ. 586లో బబులోను వచ్చి యెరూషలేముని కూల్చేసింది. పాట పాడినందుకు సైన్యం ఆగలేదు. సైన్యం పోయింది, బబులోను పోయింది, పాట ఉంది. షావువోత్ పండుగ రెండోరోజున ఇజ్రాయెల్ బయటి యూదులు ఇప్పటికీ దాన్ని చదువుతారు.

మనకి ఈ గొంతు కొత్తకాదు. కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాల్లో తానీషా కాలంలో చేసింది ఇదే. సీతమ్మకి, లక్ష్మణుడికి, అందరికీ ఏ నగ చేయించానో, దానికెంత ఖర్చయిందో ఏకరువు పెట్టి రాముణ్ణి దెప్పాడు. ఆ నోటితోనే క్షమించమన్నాడు. దెబ్బలు తగిలినవాడు తిట్టకుండా ఉంటాడా? ఆయన్ని భక్త రామదాసు అనే అంటున్నాం, ఆ తిట్లు తీసేసి పాడుకోవట్లేదు. పోతన గజేంద్రుడు కూడా అంతే. ఉన్నాడు ఉన్నాడంటారే, ఆయన నిజంగా ఉన్నాడా అని మడుగులోంచే అనుమానపడతాడు. ఆ అనుమానాన్ని పోతన స్తుతి మధ్యలోనే పెట్టాడు, పక్కకి తోసెయ్యలేదు.

కొత్తరెడ్డిపాలెం

చుట్టరికం సంగతి చెప్తానన్నాను కదా. తెనాలి నుంచి చేబ్రోలు పెద్ద దూరం కాదు. చేబ్రోలు అనగానే మీకు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించిన బ్రహ్మగుడి గుర్తొస్తుంది, చుట్టూ కోనేరు. ఆ చేబ్రోలు మండలంలోనే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారు. కొద్ది పదుల కుటుంబాలు. తమని తాము బ్నే ఎఫ్రాయిమ్ అంటారు, ఎఫ్రాయిము పిల్లలు అని అర్థం. మాదిగ కుటుంబాలు. ముందు క్రైస్తవులుగా ఉండి, 1980ల చివర్లో యాకోబీ సోదరుల నాయకత్వంలో, మేము తప్పిపోయిన ఇజ్రాయెల్ గోత్రాల వాళ్ళం అని చెప్పి యూదుధర్మం పాటించడం మొదలుపెట్టారు. సినగాగు కట్టుకున్నారు. శబ్బాతు, పస్కా చేసుకుంటారు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ళ మీద రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. కులం గురించీ, గౌరవం గురించీ అందులో చాలా ఉంది.

ఎఫ్రాయిము ఎవరు? ఉత్తర ఇజ్రాయెల్ రాజ్యంలో పెద్ద గోత్రం. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు ఆ రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెదరగొట్టింది. ఆ పతనం ముంచుకొస్తున్న రోజుల్లో హోషేయ అనే ప్రవక్త ఎఫ్రాయిము పేరు పదే పదే తలుస్తాడు. పదకొండో అధ్యాయంలో దేవుడు తండ్రిలా మాట్లాడతాడు. వీడికి నడక నేర్పింది నేను, చేతులు పట్టుకున్నది నేను, ఇప్పుడు వీణ్ణెలా వదులుకోను అంటాడు. కోపం, ప్రేమ ఒకే గొంతులో కొట్టుకుంటాయి. తర్వాత యిర్మీయా వస్తాడు. అప్పటికి ఆ గోత్రం చెదిరిపోయి వందేళ్ళ పైమాటే. అయినా ముప్పై ఒకటో అధ్యాయంలో ఎఫ్రాయిము నా ముద్దుబిడ్డ కాదా అని దేవుడి చేత అనిపిస్తాడు, వాళ్ళు తిరిగొచ్చే దారి గురించి పాడతాడు, డప్పులు, నాట్యం అన్నీ పెట్టి. లేని పిల్లాడికి పుట్టినరోజు చేసే తల్లిలాగా.

ఇప్పుడు ఆలోచించండి. చేబ్రోలు దగ్గర, తరతరాలుగా ఊరి చివర ఉంచేసిన మనుషులు, ఈ పద్యాలు తెరిచి, ఇందులో ఉన్న ఆ తప్పిపోయిన బిడ్డ మేమే అనుకున్నారు. వంశవృక్షాన్ని చరిత్రకారులు నిర్ధారించలేదు. మణిపూర్, మిజోరంలోని బ్నే మెనషేకి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తింపు దొరికింది. వీళ్ళకి అలాంటిది దొరకలేదు. అంటే వాళ్ళ పాట ఇంకా చేప కడుపులోనే ఉంది. అయినా ప్రతి పస్కాకీ, మేము ఈజిప్టునుంచి బయటికొచ్చాం అని పూర్తయిపోయిన క్రియలోనే చెప్పుకుంటారు.

నందివెలుగు షూటింగ్ అయ్యాక అక్కడికి కూడా వెళ్దామా అని మావాళ్ళు అడిగారు. నేను వద్దన్నాను. ఎవరి ప్రార్థన దగ్గరికో కెమెరా వేసుకుని వెళ్ళి, చూడండి వింత అని చూపించడం నాకు నచ్చలేదు. మన ఊళ్ళవాళ్ళు మన ఇరుకులోంచి బయటపడటానికి ఇంకొకళ్ళ పాట వెతుక్కోవాల్సి వచ్చిందంటే, మన గుడులు వాళ్ళకి ఎన్నాళ్ళు తలుపులు వేసి ఉంచాయో కూడా వీడియోలో చెప్పాలి. పది నిమిషాల్లో అది కుదరదు.

మళ్ళీ అగస్త్యుడి దగ్గరికి

పక్కన పెట్టుకోమన్న ముక్క ఇప్పుడు తీయండి. గజేంద్రుడు మడుగులో చేసిన స్తోత్రం అప్పటికప్పుడు పుట్టింది కాదు. పూర్వజన్మలో నేర్చుకున్నది అని భాగవతమే చెప్తుంది. ఇంద్రద్యుమ్నుడు రాజుగా ఉండగా, ఏ మొసలీ లేని రోజుల్లో, రోజూ చేసిన జపం అది. అగస్త్యుడి శాపం రాజ్యాన్ని తీసేసింది, మనిషి రూపాన్ని తీసేసింది, చివరికి తెలివిని కూడా మందం చేసింది. ఆ పాటని మాత్రం తీయలేకపోయింది.

యోనా నోట్లో ఉన్నవి ఎవరో ఎప్పుడో పాడిన కీర్తనలు. యెషయా పాటలో సముద్రపు ఒడ్డు ఉంది. హబక్కూకు విన్నాను అని మొదలుపెట్టాడు, చూశాను అని కాదు. కొత్తరెడ్డిపాలెంలో పాడేది మూడువేల ఏళ్ళ నాటి మాట. కష్టంలో పాడిన పాటలన్నీ పాత పాటలే. కష్టం లేనప్పుడు నేర్చుకున్నవి, లేదా ఇంకొకళ్ళ కష్టం తీరినప్పుడు పుట్టినవి. అడ్వాన్సుగా కట్టే డబ్బూ కాదు, పని అయ్యాక ఇచ్చే రసీదూ కాదు. మునిగేటప్పుడు చేతికి తగిలే తాడు. దాన్ని ఎవరో ముందే పేని ఉంచాలి.

నా సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తూ గజేంద్ర మోక్షం పద్యాలు చదివేది. నేను పక్కన కూర్చుని, సగం వినీ సగం వినకా, నేర్చుకున్నాననే తెలియకుండా నేర్చుకున్నాను. తర్వాత రెండుసార్లు ఆసుపత్రి వరండాలో నిలబడి అవే పద్యాలు చదివాను. ఒకసారి మనిషి ఇంటికొచ్చింది. ఒకసారి రాలేదు. రెండోసారి పద్యాలు పనిచెయ్యలేదా అని చాలా రోజులు కోపంగా ఉన్నాను, చదవడం మానేశాను కూడా. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఆ రాత్రి వరండాలో ఆ పద్యాలు లేకుండా ఉంటే ఎలా ఉండేవాణ్ణో మాత్రం ఊహించుకోలేను.

అందుకని ఆ అమ్మాయికి ఇప్పుడు రాసిన జవాబు ఇది. మీరు ఆరు నెలలుగా చేస్తున్నది కాకా పట్టడం కాదు. కోపం వస్తే హబక్కూకులాగా మొదటి రెండధ్యాయాలు పోట్లాడండి, రామదాసులాగా లెక్కలు తీసి అడగండి. చదవడం ఆపాలనిపిస్తే కొన్నాళ్ళు ఆపండి, ఎవరూ ఏమీ అనరు. చదివేటప్పుడు మాత్రం మనసులో కాకుండా బిగ్గరగా చదవండి, అవి చెవికోసం కట్టినవి.

మిగతావాళ్ళకి హోంవర్క్: పోతన ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడి స్తుతి నుంచి హరి బయల్దేరేదాకా చదవండి. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా ఎలా పరుగెత్తాడో చూడండి. యోనా రెండో అధ్యాయం తెలుగు బైబిల్లో పది వచనాలే, మెట్రోలో రెండు స్టేషన్ల మధ్య అయిపోతుంది. హబక్కూకు మూడోది పంతొమ్మిది. చదివేటప్పుడు క్రియలు చూడండి. ఏవి జరిగిపోయినట్టున్నాయి, అప్పటికి నిజంగా ఏవి జరిగాయి అని పెన్సిల్‌తో గీసుకోండి.

ఆ అమ్మాయి నిన్న రాత్రి మళ్ళీ రాసింది. నాన్నగారు రోజంతా పడుకునే ఉంటున్నారట, ఆయన పక్కన కూర్చుని వినపడేలా చదవొచ్చా అని అడిగింది.

చదవొచ్చమ్మా.